గాజు తొట్టిలో నల్లచేప

నాగూర్‌మీరాకి ఆ చేపంటే భయం. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు.

ఉప్పాడ దాటాక సముద్రపు ఒడ్డున హుస్సేన్‌షా బాబా తకియా ఉంది. తకియా అంటే ఫకీర్లుండే చోటు, పెద్ద కట్టడమేమీ కాదు. ఒక పెంకుటిల్లు, ముందు పొడుగాటి గది. ఆ గదిలో మంచమంత గాజు తొట్టి. ఓడల్లో ఇంజను పని చేసి దిగిపోయిన శిష్యుడొకాయన దాన్ని తెచ్చి పెట్టాడు. లోపల ఉప్పునీళ్లు, పగడపు రాళ్లు, రాళ్ల మీద ఊగుతుండే మెత్తటి సముద్రపు పూలు, వాటి మధ్య రంగురంగుల చేపలు.

మనసు బాగోలేక వచ్చినవాళ్లని బాబా ఏమీ అడిగేవారు కాదు. "కాసేపు అక్కడ కూచోండి" అనేవారు. వాళ్లు తొట్టి ముందు కూచునేవాళ్లు. కొందరు ఏడ్చేవాళ్లు. కొందరు కూచున్నచోటే నిద్రపోయేవాళ్లు.

తొట్టి పని మీరాది. నీళ్లు మార్చడం, గాజు తుడవడం, మేత వెయ్యడం. శిష్యుడిగా చేరిన రోజున బాబా అతనికి అప్పగించిన పని అదొక్కటే.

నల్లచేప అందులోకి వచ్చినప్పుడు బొటనవేలంత ఉంది. వలలో పడిందని ఒక జాలరి ముచ్చటపడి తెచ్చిచ్చాడు. చూస్తూండగానే జానెడు దాటిపోయింది. తోలు గరుకు. మూతి ముందుకి పొడుచుకుని ఉంటుంది, అందులో ఉలి మొనల్లాంటి పళ్లు. కళ్లు రెండూ దేనికది తిరుగుతాయి. ఒక కన్ను మేత మీద ఉంటే రెండోది మీరా మీద ఉండేది.

మొదట అది నత్తల్ని తినేసింది. తర్వాత రాళ్లని కొరకడం మొదలెట్టింది. మీరా నమాజుకి నిలబడితే ముందు గదిలోంచి ఆ చప్పుడు వినిపించేది, ఎవరో తీరిగ్గా కూచుని గులకరాళ్లు నములుతున్నట్టు. అతను చదువుతున్న మాట మధ్యలో ఆగిపోయేది.

ఒకరోజు గాజు తుడుస్తుంటే చూపుడువేలు పట్టుకుంది. పట్టినపట్టు వదల్లేదు. చెయ్యి పైకి లాగితే చేప కూడా వేలికి వేలాడుతూ బయటికొచ్చింది. గాలిలో పందిలా ఒకసారి గుర్రుమని, వదిలి నీళ్లలో పడింది.

వేలు మానింది. మీరా మాత్రం ఆ తర్వాత చెయ్యి నీళ్లలో పెట్టలేదు. కర్రకి గుడ్డ చుట్టి గాజు తుడిచేవాడు. దూరం నుంచి మేత విసిరేవాడు. మూత తీస్తే చాలు, ముందు ఆ కన్ను ఎక్కడుందో వెతుక్కునేవాడు.

తొట్టిలో చేపలు తగ్గుతూ వచ్చాయి. తోక లేనిదొకటి, పొట్ట చీలినదొకటి పొద్దున్నే తేలుతూ కనిపించేవి. బాబా రాకముందే మీరా వాటిని తీసి పెరట్లో పాతేసేవాడు.

"ఆ నల్లదాన్ని తియ్యవా మీరా?" అని బాబా ఒకసారి అడిగారు. చుట్టూ నలుగురు కూచుని ఉన్నారు.

మీరా జవాబు ముందే సిద్ధం చేసుకున్నాడు. "దానికా పళ్లిచ్చింది అల్లాయే కదా బాబా. దాని ఆకలి దానిది. వల వేసి హింసపెట్టడానికి నాకు మనసొప్పడం లేదు."

బాబా అతని మొహం కేసి చూశారు. "సరే" అన్నారు. అంతే.

విన్నవాళ్లు, ఎంత దయగల మనిషో అనుకున్నారు. మీరా కూడా కొంతసేపు అలాగే అనుకున్నాడు.

అయినా ఉండబట్టలేక, ఎవరూ లేనప్పుడు ఒకసారి వల పట్టాడు. వల నీళ్లకి తగిలిందో లేదో చేప రాతి సందులోకి దూరిపోయింది. వీపు మీది ముల్లు మేకులా నిలబెట్టి అక్కడే బిగుసుకుపోయింది. ఇక దాన్ని లాగాలంటే చెయ్యి లోపల పెట్టాలి. ఆ చీకట్లోంచి ఒక కన్ను అతన్నే చూస్తోంది. వల వెనక్కి లాగబోతే దాని కాడ గాజుకి టకటకా కొట్టుకుంది. ఆ చప్పుడు ఎవరైనా వింటారేమోనని మీరా వల తీసి దాచేశాడు.

తొట్టి దగ్గరికి నూకరత్నం అనే ఆమె వచ్చేది. పెనిమిటి వేటకెళ్లి తుఫానులో తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా ఒడ్డుకి కొట్టుకురాలేదు. అప్పట్నుంచి ఆమె సముద్రం వైపు మొహం తిప్పదు. ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి, అలల హోరు వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేది. నీళ్లు చూస్తూ కూచోగలిగింది ఈ తొట్టి ముందే. అందులో జంటగా తిరిగే చేపలు రెండుండేవి, నారింజరంగు మీద తెల్లటి పట్టీలతో. ఒక పువ్వుని ఇల్లు చేసుకుని దాన్ని విడిచి పోయేవి కావు. ఆమె వాటినే చూసేది. చూసి లేచి వెళ్లిపోయేది. కన్నీటి చుక్క రాలేది కాదు.

ఒక శుక్రవారం పొద్దున మీరా మూత తీసేసరికి ఆ జంటలో ఒకటి సగమే మిగిలి ఉంది.

రెండోది పువ్వు లోపలికి ముడుచుకుపోయింది. తొట్టి నడుమ నల్లచేప కదలకుండా నిలబడి ఉంది. మీరా ఆ సగం చేపని గరిటెతో తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. అప్పుడే నూకరత్నం గుమ్మంలోకి వచ్చింది.

ఆమె వచ్చి కూచుంది. చూసింది. "ఒకటే ఉందేటి బాబూ? రెండోదేది?"

గుప్పిట వెనక్కి పోయింది. "రాయి వెనకుందమ్మా. వస్తుంది."

"అలాగా" అని ఆమె సర్దుకుని కూచుంది, వచ్చేదాకా చూద్దామని.

పొద్దెక్కింది. ఆమె లేవలేదు. మెడ వంచి రాయి వెనక్కి చూడబోతుంది, మళ్లీ సర్దుకుంటుంది. మీరా గుప్పిట్లోది జేబులోకి జార్చుకుని గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ ఎక్కడ అడుగుతుందోనని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

బాబా వచ్చారు. ఆమెని చూశారు. తొట్టిని చూశారు. తర్వాత మీరాని చూశారు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, చెయ్యి నీళ్లలోకి దించారు. అరచెయ్యి విప్పి అలా ఉంచారు. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేని ముసలి చెయ్యి.

రాతి సందులో ఏదో కదిలింది. ముందు మూతి బయటికొచ్చింది, తర్వాత కన్ను.

"బాబా, చెయ్యి తియ్యండి."

"ఎందుకు?"

"కరుస్తుంది."

"దానికా పళ్లిచ్చింది అల్లాయే కదా."

మీరా తొట్టి వైపు ఒక అడుగు వేసి ఆగాడు. చేప చేతి చుట్టూ ఒక చుట్టు తిరిగి దూరంగా పోయింది. అతను ఊపిరి వదిలాడు. అది పక్కకి ఒరిగి, ఒక్క ఉదుటున వచ్చి, చిటికెనవేలి కింద కండ పట్టుకుంది.

బాబా దవడ బిగిసింది. చెయ్యి కదల్లేదు. నీళ్లలో నెత్తురు ఎర్రటి పొగలా లేచింది. "ఓలమ్మో" అని నూకరత్నం లేచి నిలబడింది.

మేత కడిగే చిల్లుల గిన్నె మీరా చేతికి ఎలా వచ్చిందో అతనికే తెలీదు. రెండు చేతులూ భుజాల దాకా నీళ్లలో ముంచాడు. చేప కన్ను ఒకటి మెల్లగా అతని వైపు తిరిగింది. ఆ కంటిలోకి చూస్తూనే గిన్నె దాని తోక వెనక నుంచి తెచ్చి పైకెత్తాడు. చేప బాబా చేతిని వదిలి అతని మణికట్టు పట్టుకుంది. అతను గిన్నె వదల్లేదు. తీసి ఉప్పునీళ్ల బకెట్టులో పడేసి పైన పీట బోర్లించాడు. లోపల అది గుర్రుమంటూ గోడలకి కొట్టుకుంటోంది.

మోచేతుల నుంచి నీళ్లు, నెత్తురు కారుతుండగా మీరా నూకరత్నం వైపు తిరిగాడు. నీళ్లలో చెయ్యి పెట్టడం కంటే ఇదే కష్టంగా ఉంది.

"రాయి వెనక లేదమ్మా. పొద్దున్నే చచ్చిపోయింది. నేను అబద్ధం చెప్పాను."

ఆమె తొట్టి వైపు తిరిగింది. మిగిలిన చేప పువ్వులోంచి సగం బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయింది.

"ఆ మాట పొద్దున్నే సెప్పేత్తే సరిపోను గదా బాబూ" అంది చివరికి. "ఏడిసి ఊరుకుందును. ఎదురుసూడ్డం నేనెరుగుదును. పగోడిక్కూడా వద్దది."

కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. బాబా ఆమెని ఊరుకోమనలేదు.

ఆ సాయంత్రం మీరా పడవలో వెళ్లి, రాళ్లున్న చోటు చూసి, నల్లచేపని సముద్రంలో వదిలి వచ్చాడు. వచ్చి బాబా చేతికి కట్టు మార్చడానికి కూచున్నాడు. గాయం లోతుగా పడింది. పసుపు అద్దుతుంటే బాబా వేళ్లు ముడుచుకున్నాయి.

"మీకు భయం వెయ్యలేదా బాబా?"

"ఎందుకు వెయ్యలేదు? ప్రాణాలు అరచేతిలోకొచ్చాయి."

మీరా తలెత్తాడు.

"ఆ భయానికి దయ అని పేరు పెట్టుకోలేదు, అంతే" అన్నారు బాబా.

మీరా తల వంచి కట్టు ముడి వెయ్యబోయాడు. ఆ ముడి పడటానికి చాలాసేపు పట్టింది.