పొయ్యి దేవుడి నోటికి పాకం

చీనా దేశంలో ఒక మంచుకొండ. కొండ నెత్తిన తావో మఠం. మఠం గుమ్మం మీద నల్లచేపా తెల్లచేపా ఒకదాని తోక ఒకటి తరుముకుంటున్నట్టు గుండ్రటి గుర్తు. కొండ కింద షెన్ అవ్వ ఇల్లు. ఆ ఇంట్లో మనుషులకంటే దేవుళ్ళే ఎక్కువ. వీధి తలుపుల మీద కత్తులు పట్టిన ద్వారదేవుళ్ళు. వంటింట్లో పొయ్యి పైన గోడకి, కాగితం మీద అచ్చేసిన పొయ్యి దేవుడు.

చిక్కంతా ఈ చివరాయనతోనే. ఏడాది పొడుగునా కిక్కురుమనకుండా ఇంట్లో జరిగేదంతా చూస్తాడు. ఏడాది చివర ఆ కాగితాన్ని కాలుస్తారు. పొగతో పాటు పైకి పోయి, స్వర్గాన్ని ఏలే మరకత చక్రవర్తి కొలువులో చూసింది చూసినట్టు చెప్పేస్తాడు. తప్పు చేసినవాళ్ళ ఆయుష్షుకి అక్కడ కోత పడుతుంది. అందుకని జనం ఓ ఉపాయం కనిపెట్టారు. పంపే ముందు ఆయన పెదాలకి మన తిరునాళ్ళ జీడిపాకం లాంటి పాకం పూస్తారు. నోరు తీపైతే తీపి మాటలే చెబుతాడు. అంటుకుపోతే అసలేమీ చెప్పడు, ఇంకా మంచిది. దేవుడికి లంచమివ్వడం మనకొక్కరికే తెలుసనుకుంటే పొరపాటు.

ఆయన్ని పంపే రోజు వచ్చింది. అవ్వ పొద్దున్నే పాకం కాచి, గిన్నెతో పొయ్యి గట్టు మీద పెట్టింది. పొయ్యి దేవుడి కొత్త బొమ్మ తేవడానికి ఇంటిల్లిపాదీ, కుక్కతో సహా, మఠానికి వెళ్ళారు. బయట చలికి చస్తాయని మెయ్ అనే కోడిపెట్టనీ దాని పిల్లల్నీ వంటింట్లో ఉంచారు.

సరిగ్గా ఇదే అదనుగా నక్క వచ్చింది.

దాని పేరు హూ. ఆ దేశపు నక్కలకి ఒక వెర్రి. ఏళ్ళ తరబడి తపస్సు చేస్తే చావు లేని సిద్ధులమవుతామని వాటి నమ్మకం. హూ కూడా కొండరాయి మీద కూర్చుని ఊపిరి బిగబట్టి తపస్సు చేసేది. ఆకలేస్తే లేచి వెళ్ళి కోడిని తినొచ్చి మళ్ళీ కూర్చునేది. ద్వారదేవుళ్ళ కత్తులంటే భయం కాబట్టి వీధి తలుపు జోలికి పోకుండా, కట్టెలు లోపలికి తోసే కంతలోంచి దూరింది. దూరీ దూరగానే ఒక కోడిపిల్లని కాలి కింద నొక్కిపెట్టింది.

"అరిచావో, తొక్కేస్తా. గోడ అవతల ఎద్దుందని నాకు తెలుసు. అది కొమ్ములాడించేలోగా నీ పిల్ల పచ్చడైపోతుంది."

మెయ్ గొంతుదాకా వచ్చిన కేకని మింగేసింది. మిగతా పిల్లలు తల్లి రెక్కల కింద దూరాయి. కాలి కిందది గొంతు రాక ముక్కు తెరుస్తూ మూస్తూ ఉంది. తల్లి ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది.

"అరవను నక్కబావా. కాలు కాస్త తేలిగ్గా వెయ్యి, పసిది. తినేవాడివి తింటావు గానీ, ఇవాళే రావాలా నువ్వు?" అంటూ మెయ్ గోడకేసి చూసింది.

నక్క కూడా చూసింది. పొయ్యి దేవుడి గుండ్రటి కళ్ళు తిన్నగా దాని మీదే ఉన్నాయి.

"చూడనీ. ఆయన కనిపెట్టేది ఈ ఇంటివాళ్ళని. నేను బయటివాణ్ణి."

"ఇంటివాళ్ళు కొండెక్కారు కదా బావా. ఇప్పుడీ ఇంట్లో ఉన్నది నువ్వే."

నక్క తోక కిందికి జారింది. ఆయుష్షు కోత పడితే చావు లేని సిద్ధుడెలా అవుతుంది? ఇన్నేళ్ళు చలిలో కూర్చున్నది గాలికి పోవాలా? అలాగని నోటి దగ్గరి కోడిని వదలాలా? అటూ ఇటూ చూసేసరికి పాకం గిన్నె కనబడింది.

"ముసలమ్మ ఆయన మూతికి పూసేది ఇదేనా?"

"దాన్ని ముట్టుకోకు బావా! అవ్వ నన్ను చంపుతుంది," అంది మెయ్ కంగారుగా. వద్దంటే నక్క ఊరుకోదని దానికి తెలుసు.

"అవ్వ దాకా ఎందుకులే, నేనున్నానుగా. కాస్త పూస్తే పనైపోతుంది."

"కాస్త ఏం సరిపోతుంది? అవ్వ చేసే తప్పల్లా కోడలి మీద విసుక్కోవడం. దానికే రెండు గరిటెలు పూస్తుంది. మరి నీ తప్పులెన్ని?"

"ఏదో ఒకటీ అరా."

"వానల్లో ఎత్తుకుపోయిన బాతు?"

"ముసలి బాతు. ఎలాగూ పోయేదే."

"మా ఆయన?"

నక్క మూతి నాక్కుంది. "నీ మొగుడా! పొద్దున్నే వాడి కూతకి నా తపస్సు చెడేది. అది తప్పు కిందికి రాదు."

మెయ్ కోపంతో గోళ్ళు నేలకి అదిమిపట్టింది. గొంతు మాత్రం మారనివ్వలేదు. "నాతో వాదిస్తే ఏం లాభం బావా? పైన చెప్పేది ఆయన. మరి ఇవాళ్టి మేము?"

నక్క మళ్ళీ గోడకేసి చూసింది. ఆ కళ్ళు రెప్ప వెయ్యలేదు. "సరే సరే, గిన్నెడూ పూస్తా!"

కాలి కింద పిల్లని అలాగే నోట కరిచి గట్టెక్కి, మళ్ళీ కాలి కిందే పెట్టుకుంది. పాకం ఒక్క ముద్దగా బిగిసి ఉంది.

"కాలితో తియ్యకు," అంది మెయ్. "నీ గోళ్ళనిండా ఈకలే. ఆయన మూతికి ఈక అంటిందంటే సాక్ష్యం నువ్వే అంటించినట్టు. నోట్లో వేసుకుని, మెత్తగా నమిలి పుయ్యి."

"ఎంగిలి కదే?"

"దొంగతనంగా పూసేదానికి మడి కూడానా బావా?"

నిజమేననిపించింది నక్కకి. ముద్ద మొత్తం నోట్లో కుక్కుకుంది. నమిలింది. తియ్యగా ఉందని ఇంకా నమిలింది. గోడకి మూతి ఆనించి దేవుడి పెదాల మీద గట్టిగా అదిమింది.

వెనక్కి లాగితే కాగితం కూడా వచ్చింది.

నోరు తెరవబోయింది. పళ్ళూ పళ్ళూ కరుచుకున్నాయి. బెదిరిపోయి రెండు ముందు కాళ్ళతోనూ మూతి గీక్కోబోయింది. కాలి కింది పిల్ల దొర్లి గట్టు కింది బూడిదలో పడింది. మెయ్ ఒక్క దూకు దూకి పిల్లని రెక్క కిందికి లాక్కుంది.

"ఎద్దు మామా! తలుపు!"

కోపంతో నక్క గుర్రుమంది. పొయ్యిలో మిగిలిన నిప్పుల సెగకి పాకం సాగుతోంది. దవడలు కొంచెం విడ్డాయి. తీగలు తీగలుగా సాగుతూ ఇంకాస్త విడ్డాయి. ఆ సందులో కోరలు కనబడ్డాయి. కాగితం అంచు పక్కనుంచి ఒంటికన్నుతో చూస్తూ మెయ్ మీదికి వస్తోంది. వెనక గోడ. పోవడానికి దారి లేదు.

ధడేలుమని కొట్టం వైపు తలుపు విరిగి పడింది. ఎద్దు భుజంతో పాటు మంచుగాలి విసురుగా లోపలికి కొట్టింది. సాగిన పాకం సాగినట్టే రాయైపోయింది. నక్క నోరు బెత్తెడు కూడా తెరుచుకోకుండానే బిగిసింది.

"ఇందాకట్నుంచీ అంతా వింటూనే ఉన్నానమ్మా," అంది ఎద్దు. "నువ్వు పిలవకుండా వస్తే బిడ్డకి ముప్పని పళ్ళ బిగువున ఆగా." తర్వాత కొమ్ములు దించింది.

మొహం మీద దేవుడుంటే నక్కకి కంత కనబడలేదు. గోడకి గుద్దుకుంటూ, గిన్నెలు దొర్లిస్తూ వీధి వైపు పరుగెత్తింది. అప్పుడే షెన్ అవ్వ తలుపులు తోసింది. ఇటొక కత్తి దేవుడు, అటొక కత్తి దేవుడు, నడుమ కుక్క.

"దొంగ నక్క! మా పొయ్యి దేవుణ్ణి ఎత్తుకుపోతోంది!" అని అవ్వ గొల్లుమంది.

తప్పించుకునే మాట ఎప్పుడూ నక్క నాలుక చివరే ఉండేది. ఇప్పుడు నాలుకే కదల్లేదు. కుక్క దాని తోకలో సగం పీకేసింది. మిగిలిన సగంతో నక్క కొండ వెనక్కి పారిపోయింది. ఎంత పరుగెత్తినా దేవుడి కళ్ళు దాని కళ్ళకి ఆనుకునే ఉన్నాయి.

అంతా సద్దుమణిగాక ఎద్దు నెమ్మదిగా నెమరేస్తూ అడిగింది. "ఆయన నోరూ మూసుకుపోయిందాయె. ఇక పైన నక్క సంగతి ఎవరు చెబుతారే?"

మెయ్ బూడిద పట్టిన పిల్లని ముక్కుతో దులుపుతూ అంది. "ఎవరూ చెప్పక్కర్లేదు మామా. సాక్షిని మొహానికే అంటించుకుపోయింది కదా."

తప్పు మానకుండా సాక్షి నోరు మూయబోతే, ముందు మూతపడేది తన నోరే.