ఏడుగురి జట్టులో ఇరవై ముగ్గురు

ఒకానొక రాజ్యం, పేరు పెన్నవరం అనుకుందాం. అక్కడ రాజుగారి దగ్గర్నుంచి గుర్రాలకు గడ్డి వేసేవాడి దాకా అందరికీ చెడుగుడంటే పిచ్చి. కోట బడిలో చదివే కుర్రాళ్లు ప్రతి పున్నమి సాయంత్రం ఏదో ఒక పేట కుర్రాళ్లతో తలపడేవారు. మర్నాడు పొద్దున్నే కోట గుమ్మం దగ్గర డప్పు కొట్టి, ఆట ఎలా జరిగిందో చదివి వినిపించేవారు. దాన్ని ఆటపత్రిక అనేవారు. ఏడాది చివర ఆ పత్రికలన్నీ ముందేసుకుని, బాగా ఆడిన ఒక్క కుర్రాణ్ణి రాచగుర్రాల దళంలోకి తీసుకునేవారు.

ఆటపత్రిక రాసే పని రాయసం కొమ్మనది. మనిషి సన్నం, మాట తక్కువ. చూసింది రాయడం, రాసింది మార్చకపోవడం, ఇవే ఆయనకు తెలిసిన విద్యలు. రాజుగారి తాతగారు పెట్టిన కట్టడి కూడా అదే చెప్పేది. ఆటపత్రికలో అబద్ధం రాసినవాడు కలం దించి రాజ్యం విడిచిపోవాలి.

ఆడే కుర్రాళ్లతో కొమ్మనకు ఏనాడూ పేచీ రాలేదు. వచ్చిందల్లా వాళ్ల అమ్మానాన్నలతోనే.

ఆ పున్నమికి కోట జట్టూ రేవుపేట జట్టూ ఆడాయి. కోట జట్టు గెలిచింది. కొమ్మన గంటం సంచిలో పెట్టుకుని మైదానం దాటేలోపే సేనాపతి భార్య నాగసానమ్మ దారికి అడ్డం నిలబడింది.

"ఏమయ్యా రాయసం, పోయినసారి మావాడి గురించి ఒక్క ముక్కే రాశావు. పక్కవాడికి మూడు ముక్కలు రాశావు. మావాడు నీకేం అపకారం చేశాడు?"

"పోయినసారి మీవాడికి జ్వరం తల్లీ. ఆటకు రాలేదు. రాలేదనే రాశాను."

"జ్వరంలో కూడా మనసంతా ఆట మీదే ఉందని రాయకూడదూ?"

ఆవిడను తప్పించుకుంటే రత్నాల వర్తకుడు చిన్నమశెట్టి వెన్న కుండతో ఎదురయ్యాడు. ఆయన్ను తప్పించుకుంటే మంత్రి సోమయామాత్యులు. "మావాడి పేరు రాసేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా పడితే బావుంటుంది" అని ఆయన సలహా. చదివి వినిపించే పత్రికలో అక్షరం పెద్దదైతే ఎవరికి తెలుస్తుందో కొమ్మనకు అర్థం కాలేదు. సరేనని తల ఊపి ముందుకు నడిచాడు.

ఇంటి గుమ్మంలో భటుడు కాచుకుని ఉన్నాడు. ఉద్దండవర్మ మహారాజుగారు రమ్మన్నారట.

ఉద్దండవర్మ చెడ్డవాడు కాడు. కానీ తన వంశంలో ఏ పనీ తక్కువ స్థాయిలో జరగదని ఆయన నమ్మకం. ఆయన తుమ్మినా ఆస్థానంలో ఇద్దరు పద్యం అందుకోవాలి. అలాంటివాడికి శార్దూలవర్మ ఒక్కడే కొడుకు.

"కొమ్మనా, రేపటి పత్రికలో మొదటి పంక్తి యువరాజుతో మొదలుకావాలి. ఆట గెలిపించింది ఆయనే అని రావాలి. రాలేదో, కలం నాకు అప్పగించి నీ దారి నువ్వు చూసుకో."

రాయకపోతే రాజుగారు తరిమేస్తారు. రాస్తే తాతగారి కట్టడి తరిమేస్తుంది. పైగా ఆట గెలిపించింది కోట బడిలోనే చదివే కుమ్మరివాడ ఓబులు. కుండల ఆవం కాలుస్తున్న రోజు కావడంతో వాడి అమ్మానాన్నలు మైదానానికి రానేలేదు. వాడి తరఫున వెన్న కుండ పట్టుకొచ్చే దిక్కే లేదు.

కొమ్మన చేతులు జోడించాడు.

"ప్రభూ, నావి రెండే కళ్లు. పెద్దలంతా మైదానంలోనే ఉన్నారు కదా. ఈసారి పత్రిక మీరే చెప్పండి. చెప్పింది చెప్పినట్టు రాస్తాను. కింద ఎవరి ముద్ర వారు వేయండి. కట్టడి ప్రకారం బాధ్యత ముద్ర వేసినవారిది."

రాజుగారికి ఈ మాట నచ్చింది. ఆయన చెబుతుంటే కొమ్మన రాసుకున్నాడు. ఆ వెంటనే మంత్రి ఇంటికీ, వర్తకుడి ఇంటికీ, సేనాపతి ఇంటికీ వెళ్లాడు. అందరూ సంతోషంగా చెప్పారు, అంతకంటే సంతోషంగా ముద్రలు వేశారు. నాగసానమ్మ రెండు ముద్రలు వేసింది.

డప్పు మోగే ముందు పత్రికను సభలో ఒకసారి చదవడం ఆచారం. మర్నాడు సభ నిండిపోయింది. కొమ్మన గొంతు సవరించుకున్నాడు.

"యువరాజులవారు ఒక్కరే కూతకు వెళ్లి ఏడుగురిని తాకి వచ్చారు. అదే ఆటలో మంత్రిగారబ్బాయి ఐదుగురిని తాకాడు. శెట్టిగారబ్బాయి మరో ఐదుగురిని తాకాడు. సేనాపతిగారబ్బాయి ఆరుగురిని పడగొట్టాడు."

చదవడం ఆపి తాటాకు కింద పెట్టాడు.

"మహాప్రభూ, లెక్క ఇరవై ముగ్గురికి తేలింది. రేవుపేట జట్టులో ఉన్నది ఏడుగురు. తక్కిన పదహారుమందీ ఏ పేటవాళ్లో సెలవిస్తే వాళ్ల పేర్లు కూడా రాస్తాను."

సభ ఘొల్లున నవ్వింది. మంత్రిగారు పైకప్పు వైపు చూశారు.

"పోనీ, ఒక్క సంగతి చెప్పండి" అన్నాడు కొమ్మన. "చివరి కూతకు వెళ్లిందెవరు?"

రాజుగారు మంత్రి వైపూ, మంత్రి శెట్టి వైపూ, శెట్టి నాగసానమ్మ వైపూ చూశారు. ఎవరి పిల్లాణ్ణి వారు కళ్లార్పకుండా చూశారు తప్ప, ఆటను చూసినవాళ్లు ఆ నలుగురిలో ఒక్కరూ లేరు.

"ఓబులు, నాన్నగారూ."

మాట్లాడింది శార్దూలవర్మ. పదమూడేళ్ల కుర్రాడు. సింహాసనం పక్క పీట మీంచి లేచి నిలబడ్డాడు.

"చివరి కూతలో ముగ్గురిని తాకి, పట్టు విడిపించుకుని వచ్చాడు. నేను ఆటంతా చూశాను. మొదటి కూతలోనే ఔటై గీత బయట కూర్చున్నాను కదా."

రాజుగారి ముఖం ఎర్రబడింది. "ఔటా? పని ముగించుకుని కూర్చున్నావనుకున్నానే! మొదటి కూతలోనా? మా వంశంలో పుట్టి? ఎలా?"

యువరాజు తల వంచుకున్నాడు. "నేను కూత పెట్టి గీత దాటగానే మీరు 'శార్దూలా!' అని గట్టిగా పిలిచారు. తండ్రి పిలిస్తే పలక్కుండా ఉండకూడదని మీరేగా నేర్పారు? 'చిత్తం నాన్నగారూ' అన్నాను. కూత తెగిపోయింది."

సభలో ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. కొమ్మన మెల్లగా సంచిలోంచి ఇంకో ఆకు తీశాడు.

"ప్రభువులు కోరినట్టే ఇందులో మొదటి పంక్తి యువరాజుతోనే మొదలవుతుంది. 'యువరాజు శార్దూలవర్మ మొదటి కూతకు వెళ్లారు. రేవుపేటవారు ఆయన్ను తాకలేకపోయారు. మహారాజులవారు ఔట్ చేశారు.' దీని కింద నా ముద్రే వేశాను."

ఉద్దండవర్మ కొడుకు వంక చూశాడు. ఆ కుర్రాడి పెదవులు నవ్వు ఆపుకోలేక వణుకుతున్నాయి. అది చూశాక ఆయనకు తన గాంభీర్యం దక్కలేదు. సింహాసనం చేతులు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"చదివించండి ఆ ఆకునే! ఓబులు పేరు రెండుసార్లు చదివించండి. కొమ్మనా, ఆ కలం నీ దగ్గరే ఉండాలి. ఈ కంకణం తీసుకో. ఇంకేం కావాలో కోరుకో."

"కంకణం చాలు ప్రభూ. దానితోపాటు మైదానానికి నాలుగు కావిళ్ల మంచినీళ్లు ఇప్పించండి. కూత మొదలైనప్పట్నుంచి ఆగేదాకా, ఆడేవాళ్ల అమ్మానాన్నలంతా నీళ్లు పుక్కిట పట్టుకుని కూర్చోవాలి."

రాజుగారు మళ్లీ నవ్వి, అప్పటికప్పుడు ఆజ్ఞ రాయించారు.

మరుసటి పున్నమికి మైదానం చుట్టూ బుగ్గలు ఉబ్బించుకుని పెద్దలంతా బారుగా కూర్చున్నారు. వాళ్ల నడుమ రాజుగారూ ఉన్నారు. శార్దూలవర్మ కూతకు వెళ్లి ఇద్దరిని తాకి క్షేమంగా గీత దాటి వచ్చాడు. కొమ్మన దాన్ని ఆరో పంక్తిలో రాసుకున్నాడు. ఉద్దండవర్మ మెడ చాచి ఆ ఆకులోకి తొంగిచూశాడు. వేలు మొదటి పంక్తి దాకా వెళ్లింది. అప్పటికే ఓబులు కూత మొదలైంది. రాజుగారు వేలు వెనక్కి తీసుకుని, నోటినిండా నీళ్లతో ఓబులు ఆట చూస్తూ కూర్చున్నారు.