బోణీ అత్తరు

పక్కీరప్పకు ఒక మంచి గుణం ఉంది. తాను చేసే పొదుపును ఎన్నడూ దాచుకోడు. ఊళ్ళో పట్టుమగ్గాలు ఆగిపోయి, దర్గాకు వచ్చేవాళ్ళ చేతుల్లో రూపాయి ఆడని ఆ ఏడు అతడు టీలో చక్కెర మానేశాడు. మానేసిన సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పకపోతే పాపం వాళ్ళెట్లా నేర్చుకుంటారని.

అట్లాంటి రోజుల్లో దర్గా ఫకీరు అయిన తన గురువు బుడన్ తాత కంబళిలోంచి గులాబీ అత్తరు వాసన రావడం అతడికి మింగుడుపడలేదు.

మొదట తన ముక్కునే అనుమానించాడు. జలుబు తగ్గాక మళ్ళీ చూశాడు. గులాబీయే. చిరుగుల కంబళి, చేతిలో బిచ్చపు చిప్ప, మణికట్టు మీద మాత్రం నవాబుల వాసన. ఎవరికోసం ఈ ముస్తాబు? జనం గంజి తాగి మిగిల్చి వేసిన రూపాయలు ఈ సీసాల్లోకి పోతున్నాయా? తాత నమాజుకు లేచినప్పుడల్లా కంబళి మడిచే నెపంతో వాసన చూసేవాడు. నిజమని తేలితే మర్నాడే ఈ గురువును వదిలి పోవాలని తీర్మానించుకున్నాడు. ఇన్నేళ్ళ సేవ మట్టిలో కలిసిందని ముందుగానే కొంత ఏడ్చుకున్నాడు కూడా.

ఒక శుక్రవారం మధ్యాహ్నం తాతే పిలిచి, చేతిలో నోటు పెట్టి, గౌస్ అంగడికి పోయి ఒక చుక్క అత్తరు రాయించుకుని రమ్మన్నాడు.

"నాకా తాతా?"

"నీకే. నా కంబళి మీద నీ ముక్కు అరిగిపోతా ఉంది."

దొరికిపోయినందుకు కలిగిన సిగ్గు కంటే, రుజువు దొరికిన సంతోషమే పక్కీరప్పకు ఎక్కువైంది.

పెళ్ళిళ్ళ కాలంలో గౌస్ అంగడి ముందు నిలబడడానికి చోటుండేది కాదు. ఇప్పుడు ఈగ కూడా లేదు. పక్కీరప్ప సీసాల బిరడాలన్నీ తీయించి, మల్లె నుంచి మొగలి దాకా వాసన చూశాడు. తాత ఎన్నాళ్ళుగా కొంటున్నాడని, ఒక్కడే వస్తాడా అని, ఇంకెవరికైనా పంపిస్తాడా అని ఆరా తీశాడు. ఆ తర్వాత, నేతగాళ్ళు పస్తులుంటే అత్తరు పూసుకోవడం ఎంత పాపమో బోధించి లేచాడు.

గౌస్ బిరడాలు ఒక్కొక్కటే మూస్తూ మెల్లగా అన్నాడు.

"ఇంకా బోణీ కాలేదప్పా. ఒక్క చుక్క రాయించుకో."

"వాసనతో కడుపు నిండుతుందా గౌస్?" అని వచ్చేశాడు పక్కీరప్ప.

నోటు తాత ముందు పెట్టి, మెప్పు కోసం నిలబడ్డాడు. అప్పుడే అన్నానికి కూర్చున్న తాత, గౌస్ ఏమన్నాడని అడిగాడు. బోణీ కాలేదన్నాడని ఇతడు నవ్వుతూ చెప్పాడు. తాత కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని, నోటూ కర్రా అందుకున్నాడు.

వాళ్ళు పోయేసరికి గౌస్ అంగడి మూయడానికి పలకలు వేస్తున్నాడు. తాత చెయ్యి చాపాడు. గౌస్ గాజుపుల్లతో ఆ మణికట్టు మీద ఒక చుక్క రాసి, నోటు తీసుకుని రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. వేసిన పలకలు మళ్ళీ తీశాడు. తీసి, ఎదురంగడి వైపు తిరిగి ఒక టీ పంపమని కేక వేశాడు. బోణీ కానిదే అతడు మంచినీళ్ళు కూడా ముట్టడని పక్కీరప్పకు అప్పుడే తెలిసింది.

సందు మలుపు తిరిగాక ఉండబట్టలేక అడిగాడు.

"ఆ డబ్బేదో ఊరికే ఇస్తే పోయేది గదా తాతా. మనకెందుకు ఈ వాసన?"

తాత నడక ఆపలేదు.

"ఈ వీధికి అడుక్కునేవాణ్ణి నేనొకణ్ణి చాలురా. వాణ్ణి అంగడిలోనే కూర్చోనీ."

పక్కీరప్ప తల వంచుకుని వెనకే నడిచాడు. నడుస్తూ నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగాడు, గౌస్ ఆ నోటు చాటుగా తిరిగి పంపుతాడేమోనని. ఎవరూ రాలేదు.

ఇప్పుడు శుక్రవారం బోణీ పక్కీరప్పే చేస్తాడు. వెనక్కి చూడకుండా రావడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.