ఇచ్చేవాళ్లు లేని పిల్ల

మణిగిరి రాజు వీరమల్లుడికి ఒక ఉదయం సభలో అడుగు పెడుతూనే ఓ కోరిక పుట్టింది. పుట్టిందనకూడదేమో. మహారాణి లక్కాంబ మూణ్ణెల్లుగా చెబుతున్న మాట ఆ రోజుకి ఆయన చెవికెక్కింది.

"మేం ఓ బిడ్డను దత్తత తీసుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి," అన్నాడు.

సభలో అందరికీ పిల్లలున్నారు కాబట్టి అందరి దగ్గరా సలహాలున్నాయి. మంత్రి ముందు చందనపు ఉయ్యాల చేయించమన్నాడు. సేనాపతి ముందు చిన్న కత్తి చేయించమన్నాడు. వంటశాల పెద్ద మాత్రం, "ముందు అన్నం మెత్తగా పిసికి కలపడం నేర్చుకోండి మహారాజా," అన్నాడు. నన్నడిగితే ఆ పూట సభలో పుట్టిన తెలివైన మాట అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు ఆస్థాన పండితుడు సర్వేశ్వరావధాని కుడిచెయ్యి పైకెత్తాడు. ఆయన ఏం మాట్లాడినా ఆ చెయ్యి ఎత్తే మాట్లాడతాడు. రాజుగారు తొడిగిన బంగారు కంకణం ఉన్నది ఆ చేతికే మరి.

"ముందు బిడ్డను ఎంచుకోవాలి ప్రభూ. మా మనవడున్నాడు, ఎనిమిదేళ్లవాడు. పంచాంగం మొదట్నుంచీ చివరిదాకా అప్పజెబుతాడు."

"ఎంచుకోవడం అయిపోయింది," అంది మహారాణి.

నిజమే. కిందటేడు వరదలో పడవ నడిపే దంపతులు కొట్టుకుపోతే, వాళ్ల రెండేళ్ల పిల్ల పున్ని ఒక్కతే మిగిలింది. ఏనుగులశాలలో మావటి భార్య ఎర్రమ్మ తన ఐదుగురితో పాటు ఆరోదాన్నీ సాకుతోంది. ఓసారి ఏనుగుల్ని చూడబోయిన మహారాణి కొంగు పట్టుకుని ఆ పిల్ల నిద్రపోయింది. కొంగు లాక్కోవడానికి మనసొప్పక ఆవిడ గడ్డిమోపు మీదే పూటంతా కూర్చుంది. తిరిగొచ్చాక ఆవిడకు అన్నం సయించలేదు.

"ఆడపిల్లా?" అన్నాడు అవధాని.

"ఈ రాజ్యం మా నాయనమ్మ ఏలింది అవధానిగారూ. ఇంకేదైనా చెప్పండి," అన్నాడు రాజు.

"అయితే అసలు చిక్కు వినండి. దత్తతకు మొదటి మెట్టు దానం. కన్నవాళ్లు నీళ్లు ధారపోసి బిడ్డను ఇవ్వాలి. ఈ పిల్లకు కన్నవాళ్లు లేరు. ఇచ్చేవాళ్లే లేనప్పుడు పుచ్చుకోవడం ఎలాగ?"

"సాకుతున్న ఎర్రమ్మ ఇస్తే?"

"సాకింది గానీ కనలేదుగా. చెల్లదు."

మిగతా పండితులు కూడా శాస్త్రం అంతేనని తలలూపారు. మహారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజు ఆ కళ్లకేసి చూడలేక, "రేపు తేలుద్దాం," అని లేచిపోయాడు. అవధాని ఇంటికెళ్లి మనవడికి పట్టుపంచె తీయించాడు.

ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి విన్నవాడు తిప్పరాజు. రోజూ రాజుగారు సభకొచ్చేటప్పుడు ఆయన బిరుదులు గొంతెత్తి చదవడం అతని పని. వాటిని ఎవరూ వినరు. రాజుగారైతే ఆవులిస్తారు. శ్రద్ధగా వినేది అవధాని ఒక్కడే, ఎందుకంటే అవి కట్టింది ఆయనే. ఏడేళ్ల కిందట కరువులో రాజు ఊరూరా గంజి పోయించినప్పుడు వాటిని కట్టి చదివి, ఆ కంకణం సంపాదించాడు.

పున్ని తండ్రి పడవలో తిప్పరాజు ఎన్నోసార్లు ఏరు దాటాడు. ఆ రోజు అతనికి నిజంగా కోపమొచ్చింది.

మర్నాడు రాజు వస్తుండగా తిప్పరాజు గొంతెత్తాడు.

"శత్రురాజుల గుండెల్లో కుంపటి! కవుల పాలిటి కల్పవృక్షం! మణిగిరి మహారాజు వీరమల్ల భూపతి వేంచేస్తున్నారహో!"

"ఆగవయ్యా!" అవధాని దిగ్గున లేచాడు. "మధ్యలో ఒకటి మింగేశావు!"

"ఏది స్వామీ?"

"'అనాథల కన్నతండ్రి'! అన్నిట్లోకీ గొప్పది! ఈ కంకణం తెచ్చిపెట్టింది అదే!"

తిప్పరాజు బుర్ర గోక్కున్నాడు. "అదేదో ఉత్త ముఖస్తుతి అనుకున్నాను. మహారాజు ఎదుట అబద్ధమాడ్డానికి నోరు రాక వదిలేశాను."

"అబద్ధమా! నా నోటి మాటా!" అవధాని చెయ్యి ఆకాశానికి లేచింది. "అక్షరాలా నిజం! ఈ రాజ్యంలో దిక్కులేని ప్రతి బిడ్డకూ ఈయనే కన్నతండ్రి. కాదని తేలితే ఈ కంకణం ఇక్కడే ఊడదీసి పోతాను!"

"ప్రతి బిడ్డకూనా?"

"ప్రతి బిడ్డకూ!"

"ఏనుగులశాలలో ఉన్న బిడ్డకు కూడానా స్వామీ?"

అవధాని నోరు తెరిచాడు. కాదంటే కంకణం పోతుంది. అవునంటే మనవడి సింహాసనం పోతుంది. చేతికేసి ఓసారి చూసుకున్నాడు.

"...కూడా," అన్నాడు నీరసంగా.

"మరి ఇచ్చేవాళ్లు లేరంటారేమిటి? ఎదురుగా సింహాసనం మీదే ఉన్నారు!"

అవధాని చివరి ప్రయత్నం చేశాడు. "ఇచ్చేదీ రాజే, పుచ్చుకునేదీ రాజేనా? ఎక్కడైనా ఉందా?"

"పుచ్చుకునేది మహారాణిగారు. తండ్రి ఏడేళ్లుగా ఉండనే ఉన్నాడు స్వామీ, ఆ పిల్లకు కావలసింది తల్లే!"

సభ ఘొల్లుమంది. రాజు కిరీటం జారిపోయేలా నవ్వాడు. మిగతా పండితులు నిన్నటికంటే గట్టిగా తలలూపారు.

ఎర్రమ్మ పున్నిని చంకనేసుకుని వచ్చింది. కళ్లు తుడుచుకుంటున్న ఆమెతో, "రోజూ వచ్చి దీన్ని చూసిపోవాలి సుమా," అంది మహారాణి. రాజు వెండి చెంబుతో నీళ్లు ధారపోస్తుంటే మహారాణి దోసిలి పట్టింది. పున్ని ఆ దోసిట్లో రెండు చేతులతో టపీమని కొట్టింది. పక్కనే మంత్రం చదువుతున్న అవధాని నిలువునా తడిసిపోయాడు, కంకణంతో సహా.

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పరాజు మెడలో వేశాడు. తిప్పరాజు గొంతు సవరించుకున్నాడు.

"శత్రురాజుల గుండెల్లో కుంపటి! కవుల పాలిటి కల్పవృక్షం! పున్నమ్మగారి నాన్న, వీరమల్ల భూపతి అహో!"

రోజూ ఆవులించే రాజు ఈసారి సింహాసనం అంచుకు జరిగి కూర్చున్నాడు.

"ఆ చివరిది మళ్లీ చదువు," అన్నాడు.