రత్నిన్ దొరికిన చోటు

నూకరత్నానికి ఆ వారం అన్నం సయించలేదు. కారణం ఒక ఊదారంగు మచ్చ.

మచ్చ పెద్దదేం కాదు, చింతపిక్కంత. తెల్లని కాగితం మీద, కుడివైపు పై అంచున, మిగతా మచ్చలన్నిటికీ ఎడంగా ఉంది. మొదటిసారి కనబడ్డప్పుడు రత్నం దాన్ని పట్టించుకోలేదు. రెండోసారీ అదే చోట కనబడింది. మూడోసారీ అక్కడే కనబడేసరికి దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

ఇది చాలా ఏళ్ళ కిందటి మాట. సముద్రపు గాలి కిటికీల్లోంచి దూరి ఇనుప స్టాండ్లన్నిటికీ తుప్పు పట్టించే ఒక కాలేజీలో, జీవరసాయన శాస్త్రం ప్రయోగశాలలో రత్నం పరిశోధన చేస్తుండేది. ఆమె గురువు దేవసహాయం మాస్టారు. పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్న వచ్చి సాయంత్రం దాకా గాజు గొట్టాలతో కాపురం చేసేవారు. ఆ కాపురంలో ఒకసారి గొట్టం విరిగి ఆయన ఎడమ బొటనవేలు అడ్డంగా తెగింది. గాయం మానినా గాటు అలాగే మిగిలిపోయింది.

వాళ్ళు చేసే పని గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. చీమైనా చిక్కుడుపాదైనా, ప్రాణమున్న ప్రతిదాని ఒంట్లోనూ మాంసకృత్తులు ఉంటాయి. అవన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో కట్టినవే. ఏ గింజలో ఏవి ఉన్నాయో తెలుసుకోవడానికి, గింజ రసాన్ని కాగితం అడుగున బొట్టులా పెట్టి, ఆ కాగితాన్ని గాజు తొట్టిలో ఘాటైన ద్రావకంలో నిలబెట్టేవారు. ద్రావకం కాగితంలో పైకి పాకుతూ ఆ ఆమ్లాలను వెంట తీసుకెళుతుంది. ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో ఆగిపోతుంది. కాగితాన్ని ఆరబెట్టి, నిన్‌హైడ్రిన్ అనే మందు చల్లి, ఓవెన్‌లో కాసేపు వేడి చేస్తే ఎక్కడిది అక్కడ ఊదారంగులో బయటపడుతుంది. ఆ ద్రావకం వాసన జుట్టుకు పట్టిందంటే రెండు తలంట్లు పోసుకున్నా వదిలేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే రత్నానికి ఇరవై నాలుగేళ్ళ వయసు తిరిగొస్తుంది.

పాడేరు కొండల మీంచి తెచ్చిన అడవి చిక్కుడు గింజల మీద ఆమె పని. తెలిసిన ఆమ్లాలను ఎడమవైపు నుంచి వరసగా పెట్టి, చివర కుడి పక్కన చిక్కుడు రసం పెట్టేది. ఇరవైలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి. వాటన్నిటికంటే పైన, మరే ఆమ్లమూ చేరని చోట, ఈ మచ్చ.

కొన్ని మొక్కల్లో ఇరవైకి బయటివి, అరుదైనవి ఉంటాయి. అలాంటిది దొరికితే పేరు పెట్టే భాగ్యం కనిపెట్టినవాళ్ళది. ల్యూసిన్, గ్లైసిన్, అలనిన్ అని పాతవాటికి ఉన్నాయి కదా. రత్నం నోటుబుక్కు చివరి పేజీ తెరిచి, తలుపు వైపు ఒకసారి చూసి, కొత్త పెన్నుతో ఇలా రాసుకుంది.

పేరు: రత్నిన్.

రంగు: ఊదా.

దొరికిన చోటు: అడవి చిక్కుడు గింజ.

రాసుకుని ఊరుకున్నా బాగుండేది. ఇంటికి కార్డు కూడా రాసింది.

ఆమె తండ్రి అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. బెల్లం దిమ్మలు మోసీ మోసీ ఆయన భుజం కాయ కాసింది. చదువు లేదు. గుమాస్తా చేత రాయించిన జవాబు నాలుగో రోజుకు వచ్చింది.

"అమ్మీ, నువ్వు కొత్తదేటో కనిపెట్టినావని మన మార్కెట్లో అందరికీ సెప్పీసినాను. కొట్టుకొట్టుకీ ఎల్లి బెల్లం ముక్క పంచీసినాను. మేస్త్రీ ఆ పూట నన్ను దిమ్మ ముట్టనివ్వలేదు. కుర్సీ ఏసి కూకోబెట్టినాడు."

ఆ కుర్చీ మాట దగ్గర రత్నం చాలాసేపు ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ మార్కెట్లో నాన్న కూర్చోగా ఎవరూ చూసి ఉండరు. ఇక ఆ మచ్చ నిజం కాకపోతే బతకలేననిపించింది.

మర్నాడు మూడు కాగితాలూ, ఆ మచ్చ గురించి రాసిన వ్యాసమూ తీసుకెళ్ళి మాస్టారి ముందు పెట్టింది.

మాస్టారు జేబులోంచి భూతద్దం తీసి మూడింటినీ నిదానంగా చూశారు. ముఖంలో ఏమీ తెలియలేదు.

"ఇంకోటి చేద్దామా?" అన్నారు.

"నాలుగోసారా మాస్టారూ? శనివారం పత్రికకు పోస్టు చేద్దామనుకుంటున్నాను."

"ఎంతోసేపు పట్టదులేమ్మా. చిక్కుడు రసం అక్కర్లేదు. ద్రావకమూ అక్కర్లేదు."

రత్నానికి అర్థం కాలేదు. రసం లేకుండా ప్రయోగమేమిటి?

మాస్టారు బీరువా తీసి, పెట్టెలోంచి కొత్త కాగితం ఒకటి పట్టకారుతో లాగి ఆమె ముందు పట్టుకున్నారు.

"తొట్టిలోంచి తీశాక ఎలా తీసుకెళ్ళి ఆరేస్తావో, అలా దండేనికి తగిలించు."

రత్నం కాగితం అందుకుంది. నాలుగడుగులు నడిచి దండేనికి క్లిప్పు పెట్టి తగిలించింది. మాస్టారు దగ్గరకొచ్చి, దండెం మీద ఉండగానే మందు చల్లారు. మళ్ళీ పట్టకారుతోనే తీసి ఓవెన్‌లో పెట్టి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. అయిదు నిమిషాలు గడిచాయి. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

కాగితం బయటికి వచ్చింది. చిక్కుడు లేదు, ద్రావకం లేదు. అయినా కుడివైపు పై అంచున, చింతపిక్కంత ఊదామచ్చ.

ఈసారి కాగితం పొడిగా ఉంది కాబట్టి మచ్చ చెదరలేదు. అందులో సన్నని గీతలు సుడి తిరిగి స్పష్టంగా ఉన్నాయి. అది ఆమె కుడి బొటనవేలు.

చేరిన మొదటి రోజునే మాస్టారు చెప్పారు, కాగితాన్ని పట్టకారుతో తప్ప ముట్టుకోవద్దని. వేలి చెమటలోనూ ఆ ఆమ్లాలే ఉంటాయని కూడా చెప్పారు. రత్నం రెండు నెలలు బుద్ధిగా విన్నది. ఒకరోజు తడి కాగితం పట్టకారు కొసకు చిరిగి, రెండు రోజుల పని గంగలో కలిసింది. అప్పటినుంచి మాస్టారు లేనప్పుడు చేత్తోనే తీసేది. ఇవాళ అలవాటుకొద్దీ ఆయన ఎదుటే చెయ్యి చాపేసింది. చేత్తో చెయ్యని పని వాళ్ళింట్లో ఏదీ లేదు. తన చేతి మీద ఆమెకు అంత నమ్మకం.

రత్నం స్టూలు మీద కూలబడింది. ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది.

"మా నాన్న ఊరంతా బెల్లం పంచేశాడు మాస్టారూ."

"పంచితే ఏమైందమ్మా? తిన్నవాళ్ళకి తియ్యగానే ఉంటుంది కదా."

"మీకు ముందే తెలుసు."

"కిందటి వారం గుమ్మంలోంచి చూశాను, నువ్వు కాగితం ఆరేస్తుంటే."

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"మొదటి రోజున చెప్పాను కదమ్మా."

రత్నం కొంగుతో ముఖం తుడుచుకుని, ఎదురుగా ఉన్న ఆ వేలిముద్రను కోపంగా చూసింది. చిక్కుడు మచ్చలు ఏ రంగులో ఉన్నాయో ఇదీ అదే రంగులో ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది గింజో ఏది మనిషో చెప్పడం కష్టం.

"అయితే అన్నీ ఒకటేనా మాస్టారూ? గింజలో ఉన్నవే నాలోనూ ఉంటే, ఇక నాదంటూ ఏముంది?"

ప్రయోగం తప్పినందుకు అడిగిన మాట కాదది. కళాసీ కూతురు అంత దూరం వచ్చి, తనదని చెప్పుకోవడానికి ఒక్కటి దొరికిందనుకుని, అదీ చేజారినప్పుడు అడిగిన మాట.

మాస్టారు తన ఎడమ బొటనవేలిని నుదుటి మీద ఒకసారి రాసుకుని, అదే కాగితం మీద ఆమె ముద్ర పక్కన గట్టిగా అద్దారు. మందు చల్లారు. మళ్ళీ ఓవెన్, మళ్ళీ అయిదు నిమిషాలు.

ఇప్పుడు రెండు మచ్చలు. ఒకే ఊదారంగు. ఒకదాంట్లో గీతలు సుడి తిరిగాయి. రెండోదాంట్లో వంపు తిరిగి, మధ్యలో అడ్డంగా ఒక తెల్లని గాటు.

భూతద్దం ఆమె చేతికిచ్చారు.

"రంగు చూసి పేరు పెట్టావు. గీతలు చూడలేదు."

అంతే అన్నారు. తర్వాత, "ఆ పేరేదో నోటుబుక్కులో రాసుకునే ఉంటావు. ఇలా తే," అని చెయ్యి చాపారు.

రత్నం భూమిలోకి కుంగిపోతూ చివరి పేజీ తెరిచి ఇచ్చింది. పైన ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే మాస్టారు ఎడమ బొటనవేలితో అంచును అదిమిపెట్టి, మొత్తం చదివారు. నవ్వలేదు. చెవి మీది పెన్సిలు తీసి, 'అడవి చిక్కుడు గింజ' అన్నది కొట్టేసి, దాని కింద చిన్న అక్షరాలతో ఇలా రాశారు.

'కుడి బొటనవేలు.'

రత్నం అది చదివి, ఏడుస్తూనే నవ్వేసింది.

ఆదివారం ఆమె ఆ కాగితం పట్టుకుని అనకాపల్లి వెళ్ళింది. తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కాగితాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. జీవితమంతా సంతకం చోట ముద్ర వేసిన మనిషి.

"నాది నల్లగుంటాది, నీది ఊదాగుంది. అంతే గదమ్మీ," అన్నాడు. "ఈ రెండోదెవులది?"

"మా మాస్టారిది నాన్నా."

"నీ పక్కనేసినాడా!" అని ఆయన ఇంకాసేపు చూశాడు. మార్కెట్లో ఏం చెప్పుకోవాలో మాత్రం అడగలేదు.

ఆ కాగితం తర్వాత ప్రయోగశాల గోడ మీదికి చేరింది. కొత్తగా చేరినవాళ్ళందరికీ రత్నమే దాని కథ చెప్పేది. ఎండకు రంగు వెలిసి వెలిసి చివరికి తెల్లకాగితమే అయింది. ఒకసారి గోడలకు సున్నం వేస్తూ ఎవరో తీసి పారేశారు. అప్పటికి రత్నం మరో ఊళ్ళో ఉద్యోగంలో ఉంది.

ముప్పై అయిదేళ్ళు అలా గడిచిపోయాయి.

రత్నం రిటైరయ్యే రోజు దగ్గరపడింది. చిక్కుడు గింజల మీద నాలుగు మంచి వ్యాసాలు రాసింది. కొత్త ఆమ్లం మాత్రం ఏదీ దొరకలేదు. వీడ్కోలు సభ ఏర్పాట్లు చూస్తున్న షాహీన్, ఆమె చివరి శిష్యురాలు, ఒక మధ్యాహ్నం గదిలోకి వచ్చింది.

"మేడం, వేదిక మీద మీ గురువుగారి ఫొటో పెడదామనుకుంటున్నాం. ఇస్తారా?"

రత్నం ఇల్లంతా వెతికింది. ఒకే ఒక్క గ్రూప్ ఫొటో దొరికింది. అందులో మాస్టారు సరిగ్గా ఆ క్షణానికి పక్కకు తిరిగి, లోపల గ్యాసు కట్టేశారా అని ఎవరినో అడుగుతున్నారు. చెవీ, చెవి మీద పెన్సిలూ తప్ప ఏమీ కనబడవు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. అడగడానికి ఆయనకు నా అన్నవాళ్ళు లేరు. ముఖాన్ని తలచుకోబోతే, ఆ ముఖం కూడా మునుపటంత స్పష్టంగా రావడం లేదు. అందుకు ఆమెకు భయం వేసింది, ఆయన పోయిన రోజుకంటే ఎక్కువగా.

మర్నాడు ప్రయోగశాలలో తన బీరువా ఖాళీ చేస్తుంటే పాత నోటుబుక్కు బయటపడింది. చివరి పేజీ తెరిచింది. సిరాతో ఆమె రాత, కింద పెన్సిలుతో ఆయన రాత. ఆ పక్కన, ఫ్యాను గాలికి లేవకుండా ఆయన అదిమిపట్టిన అంచు. అక్కడ ఖాళీ కాగితం, అంతే.

రత్నం ఆ ఖాళీ వైపు కాసేపు చూసింది. తర్వాత లేచి పట్టకారు తెచ్చుకుంది.

పేజీని జాగ్రత్తగా కత్తిరించింది. మందు చల్లింది. తడి తగలగానే ఆమె సిరా కరిగి పారింది. 'రత్నిన్' అన్న మాట అలుక్కుపోయి నీలి చారిక అయింది. ఆమె దాన్ని ఆపబోలేదు. పెన్సిలు రాత మాత్రం చెక్కు చెదరలేదు.

ఓవెన్ తలుపు మూసి, గడియారం చూసుకుంటూ నిలబడింది.

అయిదు నిమిషాలకు తీసింది. పేజీ నిండా ఆమె వేళ్ళవే, ఒకదాని మీద ఒకటి పడి, ఊదారంగులో చిందరవందరగా ఉన్నాయి. అంచున మాత్రం, వాటికి ఎడంగా, వెడల్పాటి ముద్ర ఒకటి ఉంది. గీతలు వంపు తిరిగాయి. మధ్యలో అడ్డంగా తెల్లని గాటు.

రత్నానికి కళ్ళు మసకబారాయి. స్టూలు మీద కూర్చుండిపోయింది, ఆ రోజు కూర్చున్నట్టే.

షాహీన్ తలుపు తోసుకుని వచ్చింది.

"ఫొటో దొరికిందా మేడం?"

"దొరికిందమ్మా," అంది రత్నం. పిల్ల ఆత్రంగా చెయ్యి చాపేసరికి పేజీని వెనక్కి లాక్కుంది.

"పట్టకారుతో పట్టుకో."