పైడి చూడని వానాకాలం

పాలవాగుకు అవతల ఒక ఎర్రమట్టి గుట్ట ఉంది. దాని నిండా చీమల పుట్టలే. ఇవతల పల్లం. కుందేళ్ళూ, ముళ్ళపందులూ, మిగతా చిన్న జంతువులన్నీ ఆ పల్లంలోనే బొరియలు తవ్వుకుని బతికేవి. వాగు పొంగినప్పుడల్లా ఆ బొరియలు మునిగేవి. వరద వచ్చేది ముందే తెలిస్తే గుట్టెక్కి ప్రాణాలు దక్కించుకోవచ్చు. కానీ ఎలా తెలుస్తుంది?

ఆ పని పైడి తన మీద వేసుకుంది. పైడి ఒక అలుగుపిల్ల. ఒంటినిండా పొలుసులు, జానెడు నాలుక. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది.

"వాగు పొంగే ముందు కొన్ని చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతాయి తాతా. అవి ఏ చీమలో, ఎన్ని రోజుల ముందు పోతాయో కనిపెడతాను," అంది, తనకు చదువు చెప్పే అడవిదున్న సోమన్నతో.

"చీమల్ని చూస్తావా, తింటావా?" అని నవ్వాడు సోమన్న.

"చూసేవాటిని తినను."

అడవికి పెద్ద అయిన ఏనుగమ్మ సరేనంది. "మూడు వానాకాలాలు గుట్ట నీదే. మూడూ చూసి వచ్చి సభలో చెప్పు. చెప్పలేకపోతే, చెప్పగలిగినవాళ్ళకి ఆ చోటు ఇచ్చేస్తాం."

మొదటి వానాకాలం బాగా గడిచింది. వరదకు మూడు రోజుల ముందు నల్లచీమలు కదిలాయి. ఎర్రచీమలు కదల్లేదు. పైడి అదంతా గుట్టమీది బండపై గోటితో గీసిపెట్టుకుంది.

రెండో ఏడు మబ్బులు పట్టకముందే అడవిలో దగ్గుజబ్బు పుట్టింది. వారంలో మూడు జింకలు పోయాయి. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. సభ గుమాస్తా నక్క బొరియ బొరియకీ తిరిగి అరిచాడు: "ఏనుగమ్మ ఆజ్ఞ! వానలు తగ్గేదాకా ఎవరూ వాగు దాటకూడదు! దాటినవాళ్ళకి అడవిలో చోటు లేదు!"

పైడి తల్లికీ జబ్బు అంటుకుంది. పైడే తిండి తెచ్చి పెట్టింది, పైడే పక్కన కూర్చుంది. వాన పడుతుంటే గట్టు మీదికొచ్చి అవతలి గుట్టకేసి చూసేది. గుట్ట కనిపించేది గానీ చీమలు కనిపించవు కదా. తల్లి బతికింది. కాళ్ళలో మాత్రం సత్తువ పోయింది.

మూడో ఏడు దారి తెరిచారు. తల్లికి తినిపించి వెళ్ళేసరికి సగం పొద్దు పోయేది. అయినా పైడి ఒక్కరోజు మానలేదు. మళ్ళీ నల్లచీమలే, మళ్ళీ మూడు రోజుల ముందే. ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు నక్క వచ్చి బండమీది గీతలు చదువుకుపోయేవాడు. ఆ గుట్టలో ఎలుకలు మెండు మరి, వాడి కన్ను వాటిమీదే.

సభకు ముందురోజు నక్క ఆమెను కలిశాడు.

"నడిమి ఏడు ఖాళీగా ఉందేం అమ్మాయ్?"

"దాటనివ్వలేదు కదా బాబాయ్."

"ఎవరు చూడొచ్చారు? ఈ రెండేళ్ళలాగే అదీ చెప్పెయ్."

గుట్ట చేజారితే, నడవలేని అమ్మను పెట్టుకుని పైడి ఎక్కడికి పోవాలి? అయినా తల అడ్డంగా ఊపింది. "నేను చూడనిది చూశానని చెప్తే, రేపు కుందేళ్ళు నా మాట నమ్మి పిల్లల్ని పెట్టుకుని పల్లంలోనే కూర్చుంటాయి. వద్దు."

"నీ ఖర్మ," అన్నాడు నక్క.

సభలో పైడి నిలబడి, "రెండు వానాకాలాలే చూశాను," అంది. ఎందుకో చెప్పేలోగానే నక్క ముందుకు దూకాడు. "నేను మూడూ చూశాను ఏనుగమ్మా! మూడేళ్ళూ నల్లచీమలు మూడు రోజుల ముందే కదిలాయి. గుట్ట నాకిప్పించండి!"

సభ గుసగుసలాడింది. పైడి బంతిలా చుట్టుకుపోయింది. అప్పుడు సోమన్న మెల్లగా లేచాడు.

"భేష్ గుమాస్తా! నడిమి ఏడు కూడా నీ కళ్ళతోనే చూశావా?"

"ఈ కళ్ళతోనే!"

"దూరంగా నిలబడా?"

"దూరమేమిటి, పుట్ట పక్కనే కూర్చున్నాను. వానలో తడుస్తూ రోజూ!"

"అంటే రోజూ వాగు దాటావన్నమాట," అన్నాడు సోమన్న.

ఏనుగమ్మ చెవులు నిలబెట్టింది. "ఆ ఆజ్ఞ అరిచి చెప్పింది నువ్వే కదయ్యా?"

"అబ్బే, దాటలేదమ్మా! ఊహించి చెప్పాను!"

"ఊహకి మా పిల్లల్ని అప్పగించమంటావా?" అని ఒక తల్లి కుందేలు లేచింది. నక్క గుమాస్తా పని అక్కడితో పోయింది.

సోమన్న మాత్రం కూర్చోలేదు. "నా తప్పూ ఉంది. జబ్బు రోజుల్లో ఒక కాకితో కబురు పంపి ఎలా ఉన్నావమ్మా అని అడగాల్సింది. అడగలేదు. ఈ పిల్ల ఒంటరిగా అమ్మను చూసుకుంది. దారి మూసింది మనం. ఆలస్యమైందని అడుగుతున్నదీ మనమే."

ఏనుగమ్మ తల ఊపింది. తర్వాత అంది: "పైడికి ఇంకో వానాకాలం. పైడికే కాదు, పని నేర్చుకుంటూ ఆ ఏడు ఆగిపోయిన పిల్లలందరికీ. పైడి అమ్మ తిండి సంగతి ముళ్ళపందులు వంతులవారీగా చూసుకుంటాయి."

పొలుసుల బంతి కొంచెం విచ్చుకుంది. లోపల్నుంచి, "నిజంగానా?" అని వినిపించింది.

నాలుగో ఏడు పొద్దున్నించి పొద్దుగూకేదాకా పైడి గుట్టమీదే. ఒకరోజు ఎండ కాస్తుండగానే పరుగున వచ్చింది. "నల్లచీమలు కదిలాయి! మూడు రోజులు!" పల్లమంతా పిల్లా జెల్లాతో గుట్టెక్కింది. పైడి తల్లిని సోమన్న వీపున మోసుకొచ్చాడు. నక్క ఒక్కడే, "ఇంత ఎండలో వరదేమిటి?" అని బొరియలోనే ఉండిపోయాడు.

మూడోరోజు వాగు విరుచుకుపడింది. ఖాళీ బొరియల్లో నీళ్ళు నిండాయి. సాయంత్రానికి నక్క ఈదుకుంటూ, దగ్గుకుంటూ, తోక ఈడ్చుకుంటూ గుట్ట కిందికి చేరాడు. పైకి చూడ్డానికి మొహం చెల్లలేదు.

పైడి కాస్త జరిగి చోటిచ్చింది. "రా బాబాయ్. చీమల్ని తొక్కకుండా రా."

నీతి: వెనకబడ్డావని పిల్లల్ని నిలదీసే ముందు, వాళ్ళ దారి ఎన్నాళ్ళు మూసి ఉందో చూసి, అన్నాళ్ళూ తిరిగి ఇవ్వాలి.