తిరుపాలమ్మ పిలిచిన పేరు

మా గురువు పరిపూర్ణయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు వాళ్ల ఒళ్లో శనక్కాయల చేట పెట్టేవారు. అడిగినవాడు కాయలు ఒలుస్తూ ఒలుస్తూ తన సంగతంతా తానే వెళ్లబోసుకునేవాడు. అంతా విని గురువుగారు ఏం సెలవిస్తారా అని చూస్తే, ఆయన ఒలిచిన గింజలు నోట్లో వేసుకుని లేచిపోయేవారు. చెప్పడానికి ఆయనకు బద్ధకమని మాలో కొందరి అభిప్రాయం. నాకైతే ఒక్కోసారి ఒళ్లు మండేది కూడాను. కడప జిల్లాలో ఒక చిన్న ఊరు మాది. ఆయన సంసారి గురువు. పగలు సేద్యం చేసుకుని, పొద్దు వాలాక మాకు పాఠం చెప్పేవారు.

ఒకనాడు పాఠం మధ్యలో ఓబులేసు వచ్చి కూర్చున్నాడు. వాడు బస్సు కండక్టరు. బస్సులో ఎంత గొంతు చేసుకుంటాడో ఇంట్లో అంత మెత్తన. కొత్తగా ఆడపిల్ల పుట్టిన ఇంటి తండ్రి ముఖంలా లేదు వాడి ముఖం.

"సామీ, ఆడపిల్లకు మగపేరు పెట్టొచ్చునా? శాస్త్రం ఏమంటాది?" అని అడిగాడు.

గురువుగారు చేట ముందుకు జరిపారు. ఓబులేసు ఒలవడం మొదలుపెట్టాడు, సంగతి బయటపడింది. వాడి మామ కోదండం ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చెక్కభజన నేర్పిన మనిషి. గజ్జెకట్టి, చేత చెక్కలు పట్టి, వరుసకు ముందు నిలబడి ఆడితే వెనకున్న కుర్రవాళ్లు రొప్పవలసిందే. మనవరాలి ముఖం చూడకుండానే, కాన్పుకు కొద్ది రోజుల ముందు పోయాడు. ఆయనకు ఓబులేసు పెళ్లాం సుగుణ ఒక్కతే కూతురు. నాయన పేరు తన బిడ్డకే పెట్టాలని ఆమె పట్టు. పుట్టింది మగపిల్లవాడైతే ఎవరూ కిక్కురుమనేవారు కారు. ఆడపిల్ల పుట్టింది. అయినా ఆమె పట్టు సడలలేదు.

"కోదండమ్మ అని పెడదామంటి సామీ. మా నాయన పేరు కోదండం, కోదండమ్మ కాదనింది. పోనీ, ఇంట్లో ఆ పేరు, బళ్లో ఇంకో పేరు అంటి. దొంగసరుకా దాచిపెట్టేదానికి అనింది. అంతే, ఆ పొద్దు నుంచి నాతో మాటల్లేవు. ఇస్కూల్లో పిల్లోళ్లు నవ్వరా సామీ? రేపు కొడుకు పుడితే వానికి ఏం పేరు మిగుల్తాది?"

"వానికి మీ అత్త పేరు పెట్టు," అన్నారు గురువుగారు.

వాడి అత్త పేరు తిరుపాలమ్మ. తిరుపాలు అనే పేరుగల మీసాల మగవాళ్లు అప్పటికే మా మధ్య ఇద్దరు కూర్చుని ఉన్నారు. అందరం పగలబడి నవ్వాం, ఆ ఇద్దరూ కూడా నవ్వారు. ఓబులేసు మాత్రం నవ్వలేదు.

"నవ్వండి. ఈ మాటకు జవాబు చెప్పి నవ్వండి. మేమిద్దరం పనికి పోతే పిల్లను సాకాల్సింది మా అత్తే. జన్మలో మొగుని పేరు నోట పలకని మనిషి. పిల్లను ఏమని పిలుచ్చాది?"

నిజంగానే మా నవ్వు ఆగింది. తిరుపాలమ్మ సంగతి ఊరంతటికీ తెలుసు. మొగుడి పేరు చెప్పకపోవడం ఆ కాలపు ఆడవాళ్లందరికీ ఉన్నదే గాని, ఆమె పట్టింపు మరీ ఎక్కువ. మా ఊరి కోదండరాముడి గుడిని కూడా ఆమె "విల్లుసామి గుడి" అనేది. మొగుణ్ణి పిలవాలంటే గాజులు గలగలమనిపించేది. ఒకసారి తిరునాళ్లలో ఆయన జనంలో కలిసిపోతే, కేకెయ్యడానికి నోరు రాక, చెక్కల చప్పుడు ఎటు వినబడితే అటు పోయి, ఆయన ఆట ముగించి వెనక్కి తిరిగేదాకా అక్కడే నిలబడిందట.

"ఆమెను అడిగినావా?" అన్నారు గురువుగారు.

"పలకని పేరు గురించి ఎట్ల అడిగేది సామీ? మనసు కష్టపెట్టుకుంటాది."

"అట్లయితే ఆదివారం పేరు పెట్టేటప్పుడు మేమంతా వస్తాం. పప్పులో నెయ్యి బాగా పడాల," అని గురువుగారు గింజలు నోట్లో వేసుకుని లేచిపోయారు. వాడి ఇంట్లో ఆలి అలిగి కూర్చుంటే ఈయనకు నెయ్యి కావలసివచ్చిందా అని నాకు కోపం వచ్చింది.

ఆదివారం వెళ్లాం. పళ్లెంలో బియ్యం పరిచి ఉంది. ఓబులేసు ఉంగరం పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. పక్కన సుగుణ, కళ్లు ఉబ్బి ఉన్నాయి. పురోహితుడు పేరు రాయమన్నాడు. ఓబులేసు పెళ్లాన్ని చూశాడు, గురువుగారిని చూశాడు, బియ్యాన్ని చూశాడు. చెయ్యి కదలలేదు. వచ్చిన చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టారు. ఆ సందడికి తొట్టెలలో పిల్ల లేచి గుక్కపట్టింది.

వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్న తిరుపాలమ్మ వచ్చి పిల్లను ఎత్తుకుంది. "నా తల్లీ, నా బంగారూ" అని అటూ ఇటూ తిప్పింది. పిల్ల ఊరుకోలేదు.

"పేరు పెట్టి పిలువమ్మా, ఊరుకుంటాది," అన్నారు గురువుగారు.

"పేరు యాడ పెట్టినారు సామీ ఇంకా?"

"నీ కూతురు ఎప్పుడో పెట్టింది గదా. ఆ పేరే."

తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక తన మాటే నెగ్గిందన్నట్టు ఓబులేసు మావైపు చూశాడు. సుగుణ తల దించుకుంది. నాన్న పేరు ఇక ఆ ఇంట్లో వినబడదని ఆమెకు అర్థమైపోయినట్టుంది. చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను.

"ఆయన పేరు నేనెట్ల చెప్పేది సామీ?" అన్నది ముసలామె.

"ఆయన పేరు ఎవరడిగినారమ్మా? పిల్ల పేరు అడిగినా."

తిరుపాలమ్మ పిల్లను చాలాసేపు చూసింది. ఏడ్చి ఏడ్చి కందిపోయిన ముఖం, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం. ఆమె కొంగు మెల్లగా కిందికి జారింది.

"మగపిల్లోడయ్యుంటే ఆయన్నే పిలిచినట్టుండి నోరు పెగిలేది కాదు," అన్నది, తనలో తాను లెక్క తేల్చుకుంటున్నట్టు. "ఇది ఆడబిడ్డ గదా. ఆడబిడ్డను పేరు పెట్టి పిలిచేదానికి నాకు సిగ్గేంది?"

పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, మాకెవరికీ వినబడకుండా ఒకసారి అన్నది. తలెత్తి అందరినీ చూసింది. ఆకాశమేమీ ఊడిపడలేదు. "కోదండం," అన్నది ఈసారి పైకి. ఆ పేరు ఆమె గొంతులో ఎట్లా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు, కన్నకూతురికి కూడా తెలియదు. మూడోసారికి గొంతు బాగా సాగింది. "ఓ కోదండం! యాడికి పోయినావే ఇన్నిదినాలు, నన్నిడిసిపెట్టి!" అని పిల్లను గుండెకు అదుముకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. పిల్ల మాత్రం ఏడుపు ఆపి ఆమె నోటివైపే చూస్తూ ఉండిపోయింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవలసిన పని లేదు.

సుగుణ మొగుడి మోచేతిని పొడిచింది. "ఇంకా చూస్తావేంది? రాయి," అన్నది. అన్ని రోజుల తర్వాత ఆమె వాడితో అన్న మొదటి మాట అదే. ఓబులేసు బియ్యంలో పళ్లెం ఈ చివర నుంచి ఆ చివరదాకా పట్టేంత పెద్ద అక్షరాలతో రాశాడు.

పప్పులో నెయ్యి బాగానే పడింది. భోజనాలయ్యాక గురువుగారు అరుగుమీద చెప్పులు వెతుక్కుంటుంటే ఓబులేసు వెనకాలే వచ్చాడు. వాడి ముఖం ఇప్పుడు తండ్రి ముఖంలాగే ఉంది. కాని మొండివాడు, అడగక మానలేదు.

"సామీ, శాస్త్రం ఏమంటాదని నేను అడిగినా. మీరు జవాబే చెప్పలేదు."

లోపల తిరుపాలమ్మ పిల్లకు నీళ్లు పోస్తోంది. కోదండం కాళ్లు ఆడించిందని, కోదండం గుప్పిలి విప్పదని, కోదండం గుడ్డ ఎక్కడ పెట్టారని, అవసరమున్నా లేకున్నా మాటమాటకూ ఆ పేరే. వీధిలో పోయేవాళ్లు ఆగి తొంగిచూస్తున్నారు.

గురువుగారు ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

"ఉండప్పా," అన్నారు. "ఆమె ఇంకా చెప్తానే ఉండాది."